కరెంటు వచ్చింది సరే, ఊరు మారిందా?

2018 ఏప్రిల్ 28న మణిపుర్ కొండల్లోని లీసాంగ్ అనే ఊరికి కరెంటు చేరింది. దాంతో దేశంలో విద్యుత్తు లేని గ్రామమంటూ లేదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 2015 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని 18,452 గ్రామాలకు వెయ్యి రోజుల గడువు పెట్టారు. పని ఆ గడువు లోపే అయిపోయింది. ఇది చిన్న విషయం కాదు. రోడ్లు లేని చోట్లకు స్తంభాలను మనుషులే మోసుకెళ్లి పాతారు. వాళ్ల కష్టానికి నమస్కారం పెట్టాల్సిందే. నా బాధల్లా ఆ తర్వాత జరగాల్సిన పని గురించి. తీగ చేరాక ఊళ్లో ఏం మారిందో లెక్క తీసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

అసలు 'విద్యుదీకరణ జరిగిన గ్రామం' అంటే ఏమిటో చూడండి. 1997కు ముందు ఊరి రెవెన్యూ సరిహద్దులో ఎక్కడైనా, దేనికైనా కరెంటు వాడితే చాలు. పొలంలో ఒక్క మోటారు తిరుగుతున్నా ఊరంతా వెలిగినట్టే లెక్క. 2004లో ఆ నిబంధన కాస్త గట్టిపడింది. జనం ఉండే చోట, దళితవాడలో కూడా, ట్రాన్స్‌ఫార్మరూ లైన్లూ ఉండాలి. బడి, పంచాయతీ ఆఫీసు, ఆరోగ్య కేంద్రం లాంటి చోట్లకు కరెంటు అందాలి. కనీసం పది శాతం ఇళ్లకు కనెక్షన్ ఉండాలి. అంటే వంద గడపల ఊళ్లో తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా ఆ ఊరికి 'పూర్తయింది' అని టిక్కు పెట్టేయవచ్చు. అందుకే 2017 సెప్టెంబరులో సౌభాగ్య పథకం పెట్టి ఇంటింటికీ మళ్లీ తిరగాల్సి వచ్చింది. ఆ పథకంలో 2.8 కోట్లకు పైగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. ఊరు పూర్తయిందన్న లెక్కకూ ఇళ్ల లెక్కకూ మధ్య అంత తేడా ఉంది మరి.

ఇప్పుడు ఇళ్ల లెక్క కూడా దాదాపు తేలిపోయింది. ఇక అడగాల్సింది వాళ్ల బతుకుల గురించి. దానికి జవాబు చెప్పడం చాలామంది అనుకునేంత సులువు కాదు.

కరెంటు ఉన్న ఊళ్లలో ఆదాయం ఎక్కువ, పిల్లలు ఎక్కువ చదువుతున్నారు, కాబట్టి అదంతా కరెంటు చలవే అని చెప్పే నివేదికలు కొల్లలు. కానీ లైను ముందు ఏ ఊరికి వెళ్తుంది? రోడ్డు పక్కన ఉన్న ఊరికి, మండల కేంద్రానికి దగ్గరున్న ఊరికి, పలుకుబడి ఉన్న నాయకుడి ఊరికి. ఆ ఊళ్లు కరెంటు రాకపోయినా పక్క ఊళ్ల కంటే ముందుండేవే. కనెక్షన్‌కు ముందు, తర్వాత అని పోల్చినా చిక్కే. ఆ నాలుగైదేళ్లలో వాన పడి ఉంటుంది, ఉపాధి హామీ కూలి వచ్చి ఉంటుంది, కొడుకు హైదరాబాద్ వెళ్లి డబ్బు పంపుతూ ఉంటాడు. వీటన్నిటి నుంచీ కరెంటు వాటాను విడదీయాలి.

ఫియోనా బర్లిగ్, లూయీ ప్రియోనాస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీనికో దారి కనిపెట్టారు. 2005లో మొదలైన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ పథకం తొలి దశలో 300 జనాభా దాటిన ఆవాసాలకే అర్హత ఉండేది. 290 మంది ఉన్న ఊరికీ 310 మంది ఉన్న ఊరికీ పెద్ద తేడా ఏముంటుంది? ఒకదానికి పథకం దక్కింది, రెండోదానికి దక్కలేదు, అంతే. ఆ గీతకు ఇటూ అటూ ఉన్న ఊళ్లను వాళ్లు పోల్చారు. రాత్రిపూట ఉపగ్రహం తీసిన చిత్రాల్లో వెలుగు పెరిగిన మాట నిజమే. అయితే మూడు నుంచి ఐదేళ్లలో చిన్న ఊళ్ల ఆదాయంలో, ఆస్తుల్లో, చదువుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. రెండు వేల జనాభా ఉన్న పెద్ద ఊళ్లలో మాత్రం లాభం బాగానే వచ్చింది.

దక్షిణాఫ్రికా అనుభవం ఇందుకు భిన్నం. క్వాజులు-నటాల్ పల్లెల్లో కరెంటు వచ్చిన ఐదేళ్లలో ఆడవాళ్ల ఉపాధి తొమ్మిది శాతం పాయింట్ల మేర పెరిగిందని ఆర్థికవేత్త టారిన్ డింకెల్‌మన్ తేల్చారు. చదును నేల మీద లైను వేయడం చవక, ఏటవాలు నేల మీద ఖర్చెక్కువ. ఊరి కలిమితో నిమిత్తం లేని ఆ తేడాను ఆమె ఆధారం చేసుకున్నారు. అక్కడ ఆడవాళ్లు కట్టెల పొయ్యి వదిలి కరెంటు పొయ్యి మీద వండడం మొదలుపెట్టారు. కట్టెలు ఏరే గంటలు మిగిలి పనికి వెళ్లగలిగారు. మన పల్లెల్లో కరెంటుతో వంట దాదాపు లేదు. బల్బు, ఫ్యాను, టీవీ, ఫోను చార్జింగు, ఇంతే. ఆడమనిషి పొద్దుటి పనిలో కరెంటు తగ్గించిన భారం ఏదైనా ఉంటే అది నీళ్ల ట్యాంకు మోటారు రూపంలోనే. అందుకే ఒక దేశంలో వచ్చిన ఫలితాన్ని ఇంకో దేశానికి అంటగట్టడం కుదరదు. కరెంటు ఏ పనిని తప్పించింది, ఏ పనిని తెచ్చింది అన్నదాన్ని ఊరిని బట్టి కొలవాలి.

ఈ అధ్యయనాలు చూసి పల్లెలకు కరెంటు దండగ అనేవాళ్లున్నారు. ఆ మాటను నేను ఒప్పుకోను. మే నెల రాత్రి బాలింత పక్కన ఫ్యాను తిరగడానికి జీడీపీలో వాటా చూపించక్కర్లేదు. పైగా ఆ ఊళ్లకు అందింది ఎలాంటి కరెంటు అన్నది కూడా చూడాలి కదా.

ఇక్కడే మన కొలత బాగా తప్పుతోంది. సరఫరా గంటలను ఎక్కువగా సబ్‌స్టేషన్ దగ్గర, అక్కడి నుంచి ఊళ్ల వైపు వెళ్లే 11 కేవీ లైను, అంటే ఫీడర్ మీద లెక్కిస్తారు. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నాలుగు రోజులు చీకటిగా ఉన్నా ఫీడర్ లెక్కలో కరెంటు ఉన్నట్టే. రైతులు తలా కొంత వేసుకుని, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టర్ మీద మరమ్మతు షెడ్డుకు తీసుకెళ్లడం తెలుగు నేల మీద ఎవరికీ కొత్త కాదు. ఆ చందా, ఆ నాలుగు రోజుల పంట నష్టం ఏ పట్టికలోనూ ఎక్కవు. అలాగే ఇంటికి రోజంతా సింగిల్ ఫేజ్ ఉంటే బల్బు వెలుగుతుంది. పిండి మర పెట్టాలన్నా, వెల్డింగ్ షాపు నడపాలన్నా త్రీఫేజ్ కావాలి. ఊళ్లో కొత్త పనులు పుట్టలేదని నిట్టూర్చే ముందు త్రీఫేజ్ ఏ వేళల్లో ఉంటోందో అడగాలి.

వేళల సంగతి మన రైతుకు చెప్పక్కర్లేదు. విడతలవారీగా, అర్ధరాత్రి కరెంటు ఇచ్చిన కాలంలో పొలానికి వెళ్లి పాము కాటుకో షాకుకో బలైనవాళ్లు ఎందరో. కాగితం మీద మాత్రం ఇచ్చిన గంటలన్నీ ఒకటే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆ భయం తగ్గింది. ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను బతిమాలాల్సి వచ్చింది కూడా. కరెంటు ఉన్నంతసేపూ మోటారు దానంతటదే తిరిగి బోరు ఎండబెడుతుందన్న టెన్షన్ అది. ఆ ఏడాది పంట ఆదాయం పెరిగిందని రాసుకునే సర్వే, భూగర్భ జలం ఎంత దిగిందో పక్కనే రాయకపోతే సగం నిజమే చెప్పినట్టు.

లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్నది సగటు లెక్కలో కనిపించదు. గుజరాత్ 2003లో మొదలుపెట్టిన జ్యోతిగ్రామ్ పథకం కింద ఇళ్లకూ పొలాలకూ ఫీడర్లు విడదీశారు. ఊరికి రోజంతా త్రీఫేజ్, పొలాలకు ఎనిమిది గంటలు. తుషార్ షా, శిల్ప్ వర్మ అనే పరిశోధకులు దాన్ని పరిశీలించి, గృహిణులూ చిన్న వ్యాపారులూ ఎంతో సంతోషించారని రాశారు. అదే సమయంలో పక్క రైతు బోరు నుంచి నీళ్లు కొనుక్కునే కౌలుదార్లూ సన్నకారు రైతులూ దెబ్బతిన్నారని కూడా రాశారు. మోటారు గంటలు తగ్గేసరికి అమ్మడానికి నీళ్లు మిగల్లేదు. సగటు తీస్తే ఊరు బాగుపడింది. నీళ్లు కొనుక్కునే కౌలురైతు మాత్రం ఆ సగటులో కలిసిపోయాడు.

సిరిసిల్ల సంగతీ చూడాలి. దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి 1970లో అక్కడే మొదలైంది. కరెంటుతోనే మరమగ్గాలు ఆడాయి, నిజం. కానీ ప్రభుత్వ చీరల ఆర్డరు ఉన్న ఏడాది మగ్గం చప్పుడు వినిపిస్తుంది, లేని ఏడాది ఆగిపోతుంది. కరెంటు రెండేళ్లూ ఒకటే. నూలు, అప్పు, కొనేవాడు లేని చోట తీగ ఒక్కటే ఏం చేయగలదు? ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు ఊరికి రోడ్డు, బ్యాంకు, సంత ఎంత దూరమో తప్పకుండా నమోదు చేయాలని నేననేది అందుకే.

ఇప్పుడు మంచి అవకాశం ఒకటుంది. 2021లో కేంద్రం 3,03,758 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించిన డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) సంస్కరణ పథకం కింద స్మార్ట్ మీటర్లు పెడుతున్నారు. ఏ ఇంటికి ఎప్పుడు కరెంటు పోయింది, వోల్టేజీ ఎంత పడిపోయింది, ఎన్ని యూనిట్లు వాడారు అన్నది వాటితో తెలుస్తుంది. ఈ సమాచారాన్ని బిల్లు వసూలుకే వాడుకుంటే అన్యాయం. ఇళ్ల పేర్లు తీసేసి, ట్రాన్స్‌ఫార్మర్ వారీగా నెలనెలా పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. లైన్‌మన్‌తో ఊరివాళ్లు ఏ రోజు కరెంటు లేదో కచ్చితంగా చెప్పి మాట్లాడగలుగుతారు.

ఏజెన్సీలో ఇంకా లైన్లు వేయాల్సిన కొండ గూడేలు ఉన్నాయి. రెవెన్యూ గ్రామం లెక్కలో ఎప్పుడో పూర్తయిన ఊరికి శివార్లుగా ఉండటంతో ఇవి ఇన్నాళ్లూ పట్టికల్లో కనపడలేదు. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద ఆదిమ గిరిజన తెగల ఇళ్లకు కరెంటు ఇచ్చే పని నడుస్తోంది. అక్కడ స్తంభం పాతకముందే ఒక సర్వే జరగాలి. నీళ్లకు ఎంత దూరం వెళ్తున్నారు, దీపానికి ఎంత ఖర్చవుతోంది, ఫోను చార్జింగుకు ఎక్కడికి దిగుతున్నారు, సాయంత్రం ఏ పని ఆగిపోతోంది అని ఇంటింటా అడిగి రాసుకోవాలి. మళ్లీ రెండేళ్లకు, ఐదేళ్లకు అవే ఇళ్లకు వెళ్లాలి. బిల్లు కట్టలేక కనెక్షన్ కోల్పోయిన ఇళ్లనూ వదలకూడదు. లైను పడ్డాక వెళ్లి 'అంతకుముందు ఎలా ఉండేది' అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు కాబట్టి, ఈ సర్వే ఖర్చును లైను అంచనాలోనే మొదటి పద్దుగా చేర్చాలి.