సవరణ: మా ఊరి రోడ్డు గుంతల లెక్క

గత వారం మా ఊరి రోడ్డు గురించి రాస్తూ, ‘మరమ్మతులకు కేంద్రం పంపిన డబ్బు రాష్ట్రం దారి మళ్లించింది’ అన్నాను. అది తప్పు. ఆ మరమ్మతు మొదటి నుంచీ రాష్ట్ర బడ్జెట్‌తో జరగాల్సిన పని.

అది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు. ఈ పథకంలో నిర్మాణ ఖర్చును 2015-16 నుంచి మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రం, రాష్ట్రం 60:40గా పంచుకుంటున్నాయి. నిర్వహణ మాత్రం రాష్ట్రానిదే. రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాని బాగోగులు చూడాలి, ఆ డబ్బు రాష్ట్రం చెల్లించాలి. ఊరి మొదట్లో తుప్పు పట్టిన బోర్డు మీద ఏ ఏడాదికి ఎంతో అంకెలతో సహా ఉంది. రోజూ దాని పక్కనే బండి ఆపి టీ తాగుతాను, ఒక్కసారీ చదవలేదు!

మా రోడ్డుకు ఆ ఐదేళ్లు ఎప్పుడో దాటాయి, ఇక మరమ్మతు రాష్ట్ర నిర్వహణ పద్దులోంచే జరగాలి. కొత్త రోడ్డుకైతే శిలాఫలకం, రిబ్బను, ఫొటోలు. గుంత పూడ్చినందుకు ఎవరి పేరూ చెక్కరు కాబట్టి ఆ పద్దుకు ఎప్పుడూ కరవే.

వానలకు ముందు పోసిన గ్రావెల్ రెండు జల్లులకే కొట్టుకుపోయింది, బడి మలుపులో గుంత మోకాలి లోతుంది అని కూడా రాశాను. ఆ వాక్యంలో సవరణ ఏమీ లేదు.