కేజన్ అంటే కారప్పొడి కాదు మహాప్రభో

మొన్న సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు మా తమ్ముడు ఒక కేఫ్‌కి తీసుకెళ్ళాడు. మెనూలో కేజన్ ఫ్రైస్, కేజన్ పనీర్, ఆఖరికి కేజన్ మొక్కజొన్న కూడా ఉంది. ఊరికే ఉండలేక, "బాబూ, కేజన్ అంటే ఏంటి?" అని వెయిటర్ కుర్రాణ్ణి అడిగా. "స్పైసీ సార్, పైన పౌడర్ చల్లి ఇస్తాం" అన్నాడు. పాపం వాడి తప్పేం లేదు, వాడికి డబ్బా మీద రాసుందే తెలుసు. కానీ ఆ రోజు నుంచి కడుపులో ఇది తిరుగుతూనే ఉంది, ఇవాళ కక్కేస్తున్నా. పోస్టు పొడుగు, తీరిక ఉంటేనే చదవండి.

కేజన్ అనేది మసాలా పేరు కాదండీ, మనుషుల పేరు. కెనడా తూర్పు తీరంలో ఇప్పటి నోవా స్కోషియా ఉన్నచోట అకాడీ అని ఫ్రెంచి రైతుల ప్రాంతం ఒకటి ఉండేది. బ్రిటిష్ రాజుకి బేషరతుగా విధేయంగా ఉంటామని ప్రమాణం చెయ్యమంటే వాళ్ళు చెయ్యలేదు. 1755లో మొదలుపెట్టి వాళ్ళని ఓడలెక్కించి తరిమేశారు, ఇళ్ళు తగలబెట్టారు, ఒకే ఇంటివాళ్ళు తలో దిక్కూ అయిపోయారు. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి కొంతమంది అమెరికాలో దక్షిణ లూసియానా చిత్తడి నేలలకి చేరారు. అకాడియన్ అన్న మాటే నోళ్ళలో నలిగి నలిగి కేజన్ అయింది. ఇంత కథ ఉన్న మాటని మనం బంగాళాదుంప ముక్కల మీద చల్లుకుంటున్నాం.

నీకేంటయ్యా నొప్పి అంటారా? ఉంది. నేను హ్యూస్టన్‌లో పదకొండేళ్ళ నుంచి ఉంటున్నా. ఇక్కడ ఇండియన్ రెస్టారెంట్లలో "ఆంధ్రా స్టైల్" అంటే అర్థం ఒక్కటే, గరిటెడు కారం ఎక్కువ వేశాం అని. మా అమ్మ పాలు పోసి వండే ఆనపకాయ కూర, పనసపొట్టు, ముద్దపప్పు, ఉలవచారు, ఇవేవీ ఎవడి లెక్కలోనూ లేవు. ఆంధ్రా అంటే కన్నీళ్ళు కారాలి, అంతే. ఆ ముద్ర మనకెంత మంటో తెలిసి కూడా అదే ముద్ర ఇంకొకళ్ళ మీద మనం వేస్తే ఎలా?

నాకు ఈ వంట నేర్పింది నా పాత ఆఫీసులో ఒక పెద్దాయన, లూసియానాలో ఒపెలూసస్ అనే ఊరి దగ్గర పల్లెటూరాయన. ఒక ఆదివారం ఇంటికి పిలిచి పొయ్యి ముందు నిలబెట్టాడు. సమానంగా నూనె, మైదా, కింద మధ్యస్తంగా మంట, చేతిలో చెక్కగరిటె. దీన్ని రూ అంటారు. కలుపుతూనే ఉండాలి, ఆపకూడదు. ముందు గోధుమ రంగు, తర్వాత వేయించిన పల్లీ రంగు, తర్వాత ఇటుక రంగు, చివరికి చాక్లెట్ రంగు. ఎంతసేపయ్యా అంటే "రెండు బీర్లు తాగేంతసేపు" అన్నాడు, అక్కడ అదొక కొలత. నల్ల చుక్క ఒక్కటి కనబడిందా, మాడినట్టే, మొత్తం పారబోసి మళ్ళీ మొదటికి రావాల్సిందే. నేను మొదటిసారి సొంతంగా చేసినప్పుడు ఫోన్ మోగిందని అర నిమిషం పక్కకెళ్ళా, పోయింది. సున్నుండలకి మినప్పప్పు వేయించేటప్పుడు మా అమ్మ వాకిట్లోకి ఎవరొచ్చినా ఎందుకు లేచేది కాదో ఆ రోజు అర్థమైంది.

రంగు సరిగ్గా వచ్చాక ఉల్లిపాయ, సెలరీ, కాప్సికం ముక్కలు అందులో పడతాయి. ఈ మూడింటినీ హోలీ ట్రినిటీ అంటారు. మనకి పోపు ఎలాగో వాళ్ళకి అది అలాగ. తర్వాత స్టాక్, అంటే ఎముకలు ఉడికించిన నీళ్ళు, కోడి, ఆండూయీ అనే పొగబెట్టిన సాసేజ్. అన్నం మీద పోసుకుని తింటే అదీ గంబో. గమనించారా, ఇంతసేపట్లో కారం ప్రస్తావనే రాలేదు. కాస్త కేయెన్ మిరప్పొడి పడుతుంది, అంతే. మన లెక్కలో అది కారమే కాదు, మా పిల్లాడు మారు మాట్లాడకుండా తినేస్తాడు. రుచంతా ఆ వేయించడంలోనే ఉంది. ఇది డబ్బాలో ఎలా వస్తుంది చెప్పండి.

మరి ఈ కారప్పొడి పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చాలావరకు 1980ల పుణ్యం. పాల్ ప్రుడోమ్ అని అదే ఒపెలూసస్ నుంచి వచ్చిన షెఫ్, 1979లో న్యూ ఓర్లీన్స్‌లో రెస్టారెంట్ పెట్టి, రెడ్‌ఫిష్‌ని వెన్నలో ముంచి మసాలా పట్టించి, కాలిపోతున్న ఇనప పెనం మీద నల్లగా కాల్చాడు. అది ఆయన సొంత కల్పన, కేజన్ అమ్మమ్మలెవరూ అలా వండలేదు. కానీ దేశమంతా దానికోసం ఎగబడి, గల్ఫ్‌లో ఆ చేప వేట మీద ఆంక్షలు పెట్టాల్సినంత పని అయింది. ఆయన్ని నేనేం అనను, మహానుభావుడు, వాళ్ళ వంటకి ప్రపంచంలో పేరు తెచ్చాడు. జనానికి మాత్రం చేప పోయి పైపొడి మిగిలింది.

ఇంకో గొడవ. కేజన్, క్రియోల్ ఒకటే అనుకుంటారు. కేజన్‌ది పల్లె వంట, క్రియోల్‌ది న్యూ ఓర్లీన్స్ పట్నం వంట అని మోటుగా చెప్తారు. ఒక కోడితో మూడు కుటుంబాలకి పెట్టేవాడు కేజన్, మూడు కోళ్ళతో ఒక కుటుంబానికి పెట్టేవాడు క్రియోల్ అని వాళ్ళే జోకేసుకుంటారు. జంబలాయా అని మన పలావ్ లాంటిది ఒకటుంది, అందులో టమాటా పడితే క్రియోల్, పడకపోతే కేజన్. కానీ పల్లెల్లో నల్లజాతి క్రియోల్ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, వాళ్ళ జైడెకో పాటలూ గుర్రపు స్వారీలూ అక్కడివే, కాబట్టి ఈ గీత అంత తిన్నగా ఏం ఉండదు.

నాకు అసలు కోపం తెప్పించేది ఏంటంటే, దీన్నంతా "ఫ్రెంచి వంట" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం. గంబో అన్న పేరే ఆఫ్రికా భాషల్లో బెండకాయకి ఉన్న మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. 1719 నుంచి బానిసల ఓడలు లూసియానాకి వచ్చాయి, వాటిలో వరి పండించడం తెలిసిన పశ్చిమ ఆఫ్రికా మనుషులు ఉన్నారు. వంటింట్లో నిలబడి ఆ కుండలు కలిపింది ఎవరు? గంబోలో వేసే, సాసఫ్రాస్ అనే చెట్టు ఆకుల్ని ఎండబెట్టి దంచిన ఫిలే పొడి అక్కడి ఆదివాసులైన చోక్టా జాతి వాళ్ళది. అది పొయ్యి దించాకే వెయ్యాలి, మరిగితే తీగలు సాగుతుంది. న్యూ ఓర్లీన్స్ ట్రెమే పేటలో డూకీ చేజ్ రెస్టారెంట్ 1941 నుంచి ఉంది. దశాబ్దాల పాటు దాన్ని నడిపిన లియా చేజ్, 2019లో తొంభై ఆరేళ్ళకి పోయింది ఆవిడ. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి కూర్చోవడమే నేరమైన రోజుల్లో పౌరహక్కుల నాయకులు ఆవిడ మేడమీద గదిలో గంబో తింటూ మీటింగులు పెట్టుకున్నారు. ఈస్టర్‌కి ముందు గురువారం అక్కడ ఆకుకూరల గంబో వండుతారు, ఎన్ని రకాల ఆకులు వేస్తే ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులట. ఆకుకూరలు అన్నానని శాకాహారులు సంబరపడకండి, అందులోనూ మాంసం ఉంటుంది.

హ్యూస్టన్ నుంచి లూసియానాలో కేజన్ల ఊరు లాఫయెట్‌కి కారులో మూడున్నర గంటలు. పెట్రోల్ బంకుల్లో బూడాన్ దొరుకుతుంది, పంది మాంసం, లివర్, అన్నం, ఉల్లికాడలు కూరిన సాసేజ్. వేడిగా కొనుక్కుని కారు బానెట్ మీదే పెట్టుకుని, తొక్కలోంచి నోట్లోకి పిండుకుని తింటారు. మర్యాదలకి చోటు లేదు. దారిలో క్రౌలీ దగ్గర రెండువైపులా వరి మడులు కనిపించినప్పుడు, మాది భీమవరం పక్క పల్లె కదా, ప్రాణం లేచొచ్చింది. మా దగ్గర వరి తీసేసి రొయ్యల చెరువులు తవ్వారు. వీళ్ళు వరి కోశాక అదే మడిలో నీళ్ళు పెట్టి క్రాఫిష్ పెంచుతారు, మళ్ళీ వరికి వస్తారు. క్రాఫిష్ అంటే రొయ్యకీ పీతకీ పుట్టినట్టు ఉంటుంది. వసంతంలో పెద్ద డేగిసాల్లో మొక్కజొన్న, దుంపలతో కలిపి ఉడికించి, బల్ల మీద పేపర్లు పరిచి కుమ్మరిస్తారు. తోక తుంచి తినాలి, తల జుర్రాలి. తల జుర్రనివాణ్ణి మా గోదావరోళ్ళు పీత తినడం రానివాణ్ణి చూసినట్టే చూస్తారు.

అక్కడే ఒక రొయ్యల వేట పెద్దాయన మీదే ఊరని అడిగితే, గొప్పగా ఆంధ్రా అని చెప్పా. ఆయన మొహం మాడింది. ఇండియా నుంచి చవగ్గా వచ్చే చెరువు రొయ్యల దెబ్బకి వాళ్ళ పడవలు ఒడ్డెక్కుతున్నాయట. దిగుమతి రొయ్యలైతే హోటల్లో ఆ సంగతి చెప్పి తీరాలని అక్కడ చట్టమే ఉంది. మన దేశం నుంచి వెళ్ళే రొయ్యల్లో ఎక్కువ భాగం మన కోస్తావే. నాకేం మాట్లాడాలో తెలీలేదు. మా బాబాయికి కూడా చెరువులు ఉన్నాయి మరి.

వాళ్ళ భాష సంగతి వింటే ఇంకా మండుతుంది. లూసియానా రాష్ట్రం 1921 రాజ్యాంగంలో చదువు ఇంగ్లిషులోనే చెప్పాలని పెట్టి, బడిలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లల్ని శిక్షించారు. ఒక తరం నోరు మూతపడ్డాక, 1968లో అదే రాష్ట్రం ఫ్రెంచిని బతికించడానికి ఒక సంస్థ పెట్టింది. నా ఆఫీసు పెద్దాయనకి ఫ్రెంచిలో తిట్లు, వంటలు, ప్రార్థన మాత్రమే వచ్చు. కాన్వెంట్లో తెలుగు మాట్లాడి రూపాయి ఫైన్ కట్టిన నేను ఆయన్ని చూసి ఏం నవ్వను?

అక్కడ నాకు బాగా నచ్చిన మాట లాన్యాప్. కొట్టువాడు అడక్కుండా పైన వేసి ఇచ్చేది. ఆండీస్ కొండల భాష నుంచి స్పానిష్‌లోకి, అక్కణ్ణుంచి ఫ్రెంచిలోకి దొర్లుకుంటూ వచ్చిన మాటట. మనకైతే ఇంత ప్రయాణం అక్కర్లేదు, కొసరు అంటాం. ప్రాలీన్ అనే పెకాన్ పాకం బిళ్ళలు కొంటే ఒక ముసలావిడ నాకు ఒకటి కొసరు వేసింది, మా ఊళ్ళో పల్లీపట్టీల కొట్టు గుర్తొచ్చి ఇంకో డబ్బా కొన్నా, కొసరు వెనకాల ఉన్న కిటుకూ అదేగా. న్యూ ఓర్లీన్స్‌లో పంచదార పొడి చల్లిన బెన్యేలతో, అంటే నూనెలో వేయించిన పిండి ముక్కలతో, చికోరీ కాఫీ తాగితే, మొదటి గుక్కకే ఇంటి ఫిల్టర్ కాఫీ. అక్కడ అంతర్యుద్ధంలో కాఫీ గింజలు దొరక్క చికోరీ బాగా పాతుకుపోయిందంటారు, ఇక్కడ మనం యుద్ధం లేకుండానే కలుపుకుంటున్నాం.

అన్నట్టు, లాఫయెట్ వైపు గంబోలో బంగాళాదుంప సలాడ్ ముద్ద వేసుకుని తింటారు. మొదట ఛీ అన్నాను, ఇప్పుడు అది లేకపోతే తినను. మా ఆవిడ మాత్రం గంబోలోకి ఆవకాయ నంజుకుంటుంది. ఇంత ఉపన్యాసం ఇచ్చి ఇంట్లో జరిగేది ఇదా అని నన్నడక్కండి, దమ్ముంటే ఆవిణ్ణే అడగండి.