పోస్టు పెట్టకముందే తేల్చుకోవాల్సిన హక్కులు

2014 డిసెంబరులో పూమా సంస్థతో కొత్తగా ఒప్పందం కుదుర్చుకున్న గాయని రిహానా, నల్లటి మందపాటి అడుగున్న తెల్లని బూట్లు తొడుక్కుని ఉన్న ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించాయి. ఏడాదిన్నర గడిచాక, 2016 జులైలో, అవే పోలికలున్న బూటు డిజైన్‌ను తన పేరిట నమోదు చేయించుకోవడానికి పూమా యూరోపియన్ యూనియన్‌లో దరఖాస్తు పెట్టింది. ఆ నమోదు చెల్లదంటూ మరో సంస్థ సవాలు చేయగా, 2024 మార్చిలో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు కూడా చెల్లదనే తేల్చింది. అక్కడి నిబంధనల ప్రకారం డిజైన్‌ను బయటపెట్టిన రోజు నుంచి 12 నెలల్లోగా దరఖాస్తు చేసుకుంటే ఇబ్బంది లేదు. ఆ గడువు దాటితే అది అప్పటికే లోకానికి తెలిసిపోయిన డిజైన్ కిందే లెక్క. న్యాయ విభాగం, నిపుణులు, డబ్బు అన్నీ ఉన్న సంస్థ తన హక్కును పోగొట్టుకున్నది తన ప్రచారానికే పనికొచ్చిన ఫొటోల వల్ల.

ఇంట్లో కూర్చుని చేతి సంచులో, చెవికమ్మలో తయారు చేసి సోషల్ మీడియాలో అమ్ముకునే వ్యక్తి రోజూ చేసే పని కూడా ఇదే. సగం పూర్తయిన నమూనా చూపించి ఏ రంగు బాగుందని ఫాలోవర్లను అడుగుతారు, తయారీ విధానమంతా రీల్‌గా పెడతారు, జనం మెచ్చుకున్నాక దాని మీద హక్కు సంగతి ఆలోచిస్తారు. అమ్మకందారు దృష్టిలో పోస్టు అంటే ప్రచారం. చట్టం దృష్టిలో అదే పోస్టు ఒక ప్రచురణ, ఒక పేరును ఏ తేదీ నుంచి వ్యాపారంలో వాడుతున్నారో చెప్పే రుజువు, ఒక్కోసారి వేరొకరి ఫొటోనో పాటనో వాడుకున్నామని మనంతట మనమే ఇచ్చిన వాంగ్మూలం. కాపీరైట్, ట్రేడ్‌మార్క్, పేటెంటు లాంటి మేధో సంపత్తి హక్కుల గురించి చిన్న వ్యాపారులకు సలహాలిచ్చేవారు సాధారణంగా ఏ హక్కుకు ఎక్కడ దరఖాస్తు చేయాలో చెప్పి ఊరుకుంటారు. ఈ హక్కుల్లో చాలావాటి తలరాత పోస్టు పెట్టే నిమిషంలోనే తేలిపోతుందన్న సంగతి ఆ సలహాల్లో ఎక్కడో అడుగున పడిపోతోందని నా అభిప్రాయం. కొత్త పరికరం కనిపెట్టి పేటెంటు ఆశించేవారి విషయంలో లెక్క ఇంకా కఠినం. బయటపెట్టాక దరఖాస్తుకు అమెరికా ఏడాది గడువిస్తుంది. ఐరోపా పేటెంటు విధానంలో ఒకటి రెండు ఇరుకైన మినహాయింపులు తప్పిస్తే, దరఖాస్తుకు ఒక్క రోజు ముందు పెట్టిన వీడియో కూడా కొత్తదనాన్ని చెరిపేస్తుంది.

ఆన్‌లైన్ అమ్మకందారుల నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ‘నా ఐడియా కొట్టేశారు’ అనేది. ఆ బాధ నిజమైనదే కాని, ఆలోచన మీద కాపీరైట్ ఉండదు. కాపీరైట్ కాపాడేది ఆలోచన తొడుక్కున్న రూపాన్ని, అంటే తీసిన ఫొటోను, గీసిన బొమ్మను, రాసిన వివరణను, లేబుల్ మీది చిత్రాన్ని. సబ్బులో ఏయే దినుసులు కలపాలన్న జాబితాకు, కుట్టులో వాడిన పద్ధతికి, దుకాణం పేరుకు అది వర్తించదు. పేరు ట్రేడ్‌మార్క్ పరిధిలోకి, వస్తువు ఆకారం, అలంకరణ డిజైన్ నమోదు పరిధిలోకి వస్తాయి. బయటికి చెప్పకుండా దాచుకున్న మిశ్రమం వ్యాపార రహస్యం కిందికి వస్తుంది, అదీ దాచుకున్నంత కాలమే. కాబట్టి ఎవరో మన సంచి చూసి అలాంటి సంచే కుట్టారంటే డిజైన్ నమోదు ఉందా లేదా అన్నది ప్రశ్న. మన సంచి ఫొటోనే తీసుకెళ్లి తమ పేజీలో పెట్టుకున్నారంటే అది కాపీరైట్ గొడవ. రెండూ ఒకే మనిషి చేసినా దారులు వేరు. రెండో దారి చిన్న వ్యాపారికి చాలా సులువైనది, ఎందుకంటే కాపీరైట్‌కు నమోదు తప్పనిసరి కాదు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి. కృతి తయారైన క్షణం నుంచే హక్కు పుడుతుందన్నది దాని మూల సూత్రం. అయితే అమెరికాలో తయారైన కృతుల విషయంలో అక్కడి కోర్టుకెక్కాలంటే ముందు నమోదు ఉండాల్సిందే.

అదే సూత్రం మనకు ఎదురు తిరిగే చోటు ఒకటుంది. మన ఫొటో మీద అడగకుండానే మనకు హక్కు పుట్టినట్టే, ఇమేజ్ సెర్చ్‌లో దొరికే ప్రతి ఫొటో మీదా ఎవరికో ఒకరికి హక్కు పుట్టే ఉంటుంది. కింద ‘క్రెడిట్ ఫలానావారికి’ అని రాసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. పైగా హక్కుదారు ఎవరో తెలిసే వాడుకున్నామని ఒప్పుకున్నట్టవుతుంది. సప్లయర్ పంపిన కేటలాగు ఫొటోలను వాడేవారు, ఆ ఫొటోలు ఆయన తీయించినవేనా అని అడగడం అరుదు. సరుకు కొన్న కస్టమర్ ఆనందంగా పంపిన ఫొటో కూడా కస్టమర్‌దే. వస్తువు మనం చేసినదైనా ఫొటో తీసింది ఆమె కాబట్టి, పేజీలో పెట్టుకునే ముందు ఒక మెసేజ్‌లో అనుమతి అడిగి ఆ జవాబును దాచుకోవడం మర్యాదే కాదు, అవసరం కూడా.

డబ్బిచ్చి గీయించుకున్న లోగో విషయంలో అపోహ ఇంకా లోతుగా పాతుకుపోయింది. డబ్బు చెల్లించాం కనుక లోగో మనదేనన్నది అందరి నమ్మకం. చాలా దేశాల చట్టాల్లో బయటి డిజైనర్ చేసిన పని మీద కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, ఆ డిజైనర్ దగ్గరే ఉంటుంది. డబ్బిచ్చినవారికి దక్కేది వాడుకునే అనుమతి మాత్రమే, దాని హద్దులు కూడా స్పష్టంగా ఉండవు. ‘ఈ లోగో మీద నాకున్న హక్కులన్నీ ఫలానా వ్యాపారానికి శాశ్వతంగా బదిలీ చేస్తున్నాను’ అన్న ఒక్క వాక్యం, కింద సంతకం, తేదీ ఉంటే తీరిపోయే పని, నాలుగేళ్ల తర్వాత పేరు నలుగురికీ తెలిశాక అంత సులువుగా తీరదు. యాప్‌లో అందరికీ దొరికే రెడీమేడ్ బొమ్మతో చేసిన లోగోకు మరో ఇబ్బంది ఉంది: అదే బొమ్మ వందల దుకాణాల మీద ఉంటుంది కాబట్టి అది ఎవరినీ ప్రత్యేకంగా గుర్తు చేయదు. కృత్రిమ మేధతో చేయించిన బొమ్మల సంగతి ఇంకా సందిగ్ధం. మనిషి రచయితగా లేని చిత్రానికి కాపీరైట్ ఇవ్వలేమని అమెరికా అప్పీళ్ల కోర్టు ఒకటి 2025 మార్చిలో స్పష్టం చేసింది. అలాంటి బొమ్మను పోటీదారు ఎత్తుకుపోతే మనం ఏ హక్కుతో ఫిర్యాదు చేస్తామన్నది ముందే ఆలోచించుకోవాలి.

పాటల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వ్యక్తిగత ఖాతాలో యాప్ చూపించే పాటలన్నీ వ్యాపారానికి వాడుకోవచ్చని అర్థం కాదు. వ్యాపార ఖాతాలకు వేరే సంగీత సంకలనాలు పెట్టింది అందుకే. బ్యాంగ్ పేరుతో ఎనర్జీ డ్రింక్ అమ్మిన సంస్థ టిక్‌టాక్ వీడియోల్లో అనుమతి లేని పాటలు వాడి 2022లో అమెరికా కోర్టులో ఓడిపోయింది. పది సెకన్ల లోపు వాడితే ఫరవాలేదన్న మాట ఎక్కడ పుట్టిందో గాని, అలాంటి మినహాయింపు చట్టంలో లేదు.

పేరు విషయంలో జరిగే పొరపాటు వేరే రకానిది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేరుతో ఖాతా దొరికిందంటే ఆ వేదికలో ఇంతకుముందు ఎవరూ అచ్చంగా అదే పేరు తీసుకోలేదని మాత్రమే అర్థం. ట్రేడ్‌మార్క్ కార్యాలయం చూసే చూపు అది కాదు. అక్షరం మార్చినా పలకడంలో ఒకేలా ఉందా, ఒకే రకం సరుకుకు వాడుతున్నారా, కొనేవారు పొరబడతారా అని చూస్తుంది. సరుకును, సేవలను 45 తరగతులుగా విభజించిన నీస్ వర్గీకరణలో కొవ్వొత్తులు 4వ తరగతిలో, నగలు 14లో, చేతి సంచులు 18లో, దుస్తులు 25లో ఉన్నాయి. సంచులకు నమోదు చేయించిన పేరు దుస్తులకు దానంతటదే విస్తరించదు. ఒక దేశంలో చేసిన నమోదు మరో దేశంలో చెల్లదు. అయితే మొదటి దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోగా ఇతర దేశాల్లో వేస్తే, 1883 నాటి పారిస్ ఒప్పందం కింద మొదటి తేదీయే లెక్కలోకి వస్తుంది. కొన్ని దేశాల్లో ముందు వాడినవారికి బలం, కొన్నింటిలో ముందు దరఖాస్తు పెట్టినవారికి. మొదటి రకం దేశాల్లో పాత పోస్టు తేదీలు బంగారం లాంటివి. రెండో రకం దేశాల్లో అవే పోస్టులు చూసి ఇంకొకరు మన పేరుకు దరఖాస్తు వేసే ప్రమాదం ఉంది. నమోదు కాకముందే పేరు పక్కన సున్నాలో ఆర్ గుర్తు వేసుకోవడం చాలా దేశాల్లో నేరం. హోదా కోసం ఆ గుర్తు తగిలించుకునేవారికి ఇది తెలిసినట్టు కనిపించదు.

ఇతరుల బ్రాండు పేరును అసలు ఎత్తకూడదా అంటే, ఎత్తవచ్చు. ఫలానా ఫోనుకు సరిపోయే కవరు అని చెప్పడానికి ఆ ఫోను పేరు రాయక తప్పదు, చట్టాలు దాన్ని ఒప్పుకుంటాయి. దాని లోగోను పోస్టరు మీద పెద్దగా వేయడం, ఆ కంపెనీ వారిదే అనిపించేలా రాయడం వేరే సంగతి. సంబంధం లేని పెద్ద బ్రాండు పేరును హ్యాష్‌ట్యాగ్‌గా తగిలించడంతో నలుగురు అదనంగా చూస్తారేమో గాని, ఆ బ్రాండు తరఫున వెతికే సాఫ్ట్‌వేర్ కళ్లలో కూడా పడతాం. ఇక ‘ఫస్ట్ కాపీ’ అని రాసి అమ్మడమంటే నకిలీ సరుకని తెలిసే అమ్ముతున్నామని లిస్టింగ్‌లోనే రాసిచ్చినట్టు.

ఇవన్నీ తేలేది కోర్టులో అనుకుంటే పొరపాటు. చిన్న వ్యాపారి మేధో సంపత్తి వివాదం దాదాపు ఎప్పుడూ ఒక ఆన్‌లైన్ ఫారంలో మొదలై అక్కడే ముగుస్తుంది. అమెరికాలో 1998లో వచ్చిన డిజిటల్ మిలేనియం కాపీరైట్ చట్టం (డీఎంసీఏ) ఈ పద్ధతికి మూసపోసింది: ఫిర్యాదు అందగానే పోస్టు తీసేసే వేదికకు బాధ్యత నుంచి రక్షణ దొరుకుతుంది. కనుక వేదిక ముందు తీసేస్తుంది, తర్వాత వింటుంది. ఆ ఫారం అడిగేవి ఇవి: అసలు కృతి ఏది, దాని లింకు, కాపీ ఏది, దాని లింకు, ఫిర్యాదుదారు పేరు, చిరునామా, ఈ వాడకానికి అనుమతి లేదని నిజాయితీగా నమ్ముతున్నామన్న మాట, హక్కుదారు తరఫున మాట్లాడే అధికారం ఉందని, అబద్ధమైతే శిక్షార్హమని తెలిసే చెబుతున్నామన్న ప్రకటన, సంతకం. ఫిర్యాదుదారు పేరు, ఈమెయిల్ అవతలి పక్షానికి వెళ్లవచ్చన్న సంగతి చాలామంది గమనించరు. ఇంటి చిరునామాతో వ్యాపారం చేసే ఒంటరి మహిళకు ఇది చిన్న విషయం కాదు.

అవతలి వ్యక్తి ‘ఆ ఫొటో నాదే’ అని ప్రతివాదన పంపితే పరిస్థితి రుజువుల మీద ఆధారపడుతుంది. ఇక్కడే ఫోను గ్యాలరీని శుభ్రం చేసే అలవాటు దెబ్బతీస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన ఫొటో నుంచి, వాట్సాప్‌లో ఫొటోగా పంపిన దాని నుంచి తీసిన తేదీ, కెమెరా వివరాలు రాలిపోతాయి, నాణ్యత తగ్గుతుంది. అవి ఉండేది అసలు ఫైలులోనే. అంతకంటే బలమైన సాక్ష్యం, పోస్టు చేయని ఫొటోలు: అదే సంచిని అదే బల్ల మీద పెట్టి, కిటికీ వెలుగు కాస్త పక్కకు జరిగినప్పుడు తీసినవి, చెయ్యి అడ్డొచ్చి చెడిపోయినవి. నచ్చిన ఒక్క ఫొటోను దొంగ కూడా చూపించగలడు. దాని ముందు వెనక తీసిన పదకొండు ఫొటోలు తీసినవారి దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు.

తప్పుడు ఫిర్యాదు మన మీదే పడితే? డీఎంసీఏ ప్రకారం ప్రతివాదన అందాక 10 నుంచి 14 పనిదినాల్లో వేదిక ఆ పోస్టును తిరిగి పెట్టాలి, ఈలోగా ఫిర్యాదుదారు కోర్టుకు వెళ్తే తప్ప. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినవారి నుంచి నష్టపరిహారం కోరే వీలు కూడా చట్టంలో ఉంది, కాకపోతే దావా వేసే స్తోమత ఉండాలి. పైగా ఆ గడువు కాపీరైట్ ఫిర్యాదులకే. ట్రేడ్‌మార్క్ ఫిర్యాదులకు అలాంటి గడువు ఆ చట్టంలో లేదు, వేదిక తన నిబంధనలే పాటిస్తుంది. పోటీదారు ఈ తేడా తెలిసిన మనిషైతే, అమ్మకాలు జోరుగా ఉండే వారం చూసి ఫిర్యాదు పడేస్తాడు. ఈ ఏర్పాటు పెద్ద హక్కుదారుల అవసరాలకు కుదిరినంతగా చిన్నవారికి కుదరలేదనే నేననుకుంటాను. యూరోపియన్ యూనియన్ 2022లో తెచ్చిన డిజిటల్ సర్వీసెస్ చట్టం పోస్టును ఎందుకు తీసేశారో కారణం రాసి ఇవ్వాలని వేదికలను ఆదేశించింది. కనీసం దేనికి జవాబివ్వాలో తెలియడం కొంత నయం.

ఫిర్యాదులు పదే పదే నమోదైతే ఖాతానే మూసేస్తారు. అప్పుడు పోయేది ఒక్క లిస్టింగ్ కాదు. ఫాలోవర్లు, పాత మెసేజ్‌లలోని ఆర్డర్లు, అనుమతుల జవాబులు కూడా దాంతోపాటే పోతాయి. చాలా దుకాణాల ఖాతా మొదట్లో సాయం చేసిన స్నేహితుడి ఫోను నంబరుతోనో, మానేసి వెళ్లిపోయిన సహాయకురాలి ఈమెయిల్‌తోనో తెరిచి ఉంటుంది. ట్రేడ్‌మార్క్ యజమాని పేరిటే ఉన్నా, పాస్‌వర్డ్ మార్చుకునే కోడ్ వెళ్లేది ఆ నంబరుకే.