సరుకుంది, లారీలున్నాయి, దారే లేదు

1987 జూన్ 4న బెంగళూరు నుంచి అయిదు ఏఎన్-32 రవాణా విమానాలు జాఫ్నా వైపు ఎగిరాయి. వెంట కాపలాగా మిరాజ్-2000 యుద్ధ విమానాలు. శ్రీలంక సైన్యం ముట్టడిలో చిక్కుకున్న తమిళుల కోసం ఆహారం, మందులు పారాచూట్లతో జారవిడిచి తిరిగొచ్చాయి. అంతకుముందు రామేశ్వరం నుంచి పడవల్లో పంపిన సరుకును శ్రీలంక నౌకాదళం సముద్రంలోనే అడ్డుకుని వెనక్కి పంపింది. దానికి ఢిల్లీ ఇచ్చిన జవాబు ఈ ఆపరేషన్ పూమాలై.

ఆ రోజు కిందికి దిగింది సుమారు 25 టన్నులు. మనిషికి అరకిలో లెక్కన 50 వేల మందికి ఒక్క రోజు తిండి. అప్పుడు జాఫ్నా ద్వీపకల్పంలో ఉన్నది లక్షల మంది. ఆకలి లెక్కల్లో చూస్తే ఆ సరుకు ఏ మూలకూ చాలదు. అయినా దాని ఫలితం పెద్దది. భారత్ ఊరుకోదని కొలంబోకు అర్థమైంది. ఆ నెలలోనే రెండు ప్రభుత్వాలు ఒక అవగాహనకు వచ్చి ఓడల మీద సహాయం చేరింది. ఆకాశం నుంచి పడిన మూటల కంటే, వాటివల్ల తెరుచుకున్న సముద్రపు దారే ఎక్కువ మందికి అన్నం పెట్టింది.

యుద్ధంలో చిక్కుకున్నవాళ్లకు సహాయం గురించి మాట్లాడేటప్పుడు మనం తరచూ మరిచేది ఈ సంగతే. బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో గాజా పిల్లల ఫొటోలు, సుడాన్ శిబిరాల వీడియోలు వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే మాట, ‘మనమూ ఏదైనా పంపుదాం’. డొక్కా సీతమ్మగారిని అన్నపూర్ణగా తలుచుకునే వాళ్లకు ఆ స్పందన సహజం. ఆ మనసును తక్కువ చేయను. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, ‘డ్రోన్లతోనో విమానాలతోనో వేసెయ్యొచ్చు కదా?’ ఇంజినీర్లు నిండిన ఊళ్లో అది రావడమూ సహజమే. కానీ సరుకు కొరత, సాంకేతికత కొరత రెండూ ఇక్కడ అసలు సమస్యలు కావు. సరుకు దాటాల్సిన ప్రతి గేటు దగ్గరా ‘సరే’ అనాల్సిన తుపాకీ ఒకటి ఉంటుంది.

విమానాల సంగతే చూద్దాం. రోడ్డు మార్గంతో పోలిస్తే ఖర్చు ఎన్నో రెట్లు, చేరే బరువు చాలా తక్కువ. కింద వరుసలో నిలబెట్టి పంచేవాళ్లు లేకపోతే బలం ఉన్నవాడికే మూట దక్కుతుంది. ముసలివాళ్లకు, పసిబిడ్డ తల్లికి దక్కదు. 2024 మార్చిలో గాజాలో ఒక పారాచూట్ సరిగా తెరుచుకోక, మూటలు మీద పడి మనుషులు చనిపోయారు. అదే ఏడాది అమెరికా గాజా తీరాన సముద్రంలో తేలే వంతెన కట్టింది. అలల దెబ్బకు అది పని చేసింది మొత్తం మీద 20 రోజులే. కొన్ని మైళ్ల దూరంలో రోడ్లు, సరిహద్దు గేట్లు ఉన్నాయి. అవి తెరిపించలేని అగ్రరాజ్యం సముద్రం మీద వంతెన వేయాల్సి వచ్చింది.

గాజాకు వెళ్లే ఒక పిండి లారీ ప్రయాణం ఊహించండి. ఈజిప్టులోని ఎల్ అరీష్‌లో సరుకు దిగుతుంది. 2023 అక్టోబరులో మన దేశం పంపిన దాదాపు 6.5 టన్నుల మందులు, 32 టన్నుల సహాయ సామగ్రి దిగింది కూడా అక్కడే. తర్వాత తనిఖీ. ఒక్క వస్తువు మీద అభ్యంతరం వచ్చినా లారీ మొత్తం వెనక్కి పోవచ్చు. పిల్లల వైద్య కిట్లలో కత్తెరలున్నాయని ఒక లారీని తిప్పి పంపేశారని 2024 మార్చిలో ఐక్యరాజ్యసమితి పాలస్తీనా శరణార్థి సంస్థ అధిపతి ఫిలిప్ లజరీని చెప్పారు. సరిహద్దు దాటితే సరుకును అటువైపు లారీలోకి ఎక్కించాలి. ఆ లారీకి డీజిల్ కావాలి, డీజిల్‌కు వేరే అనుమతి. ఏ రోడ్డు మీద ఏ వేళకు వెళ్లాలో సైన్యం చెప్పాలి. రోజుల తరబడి తిండి లేని జనం దారిలోనే లారీ ఎక్కి బస్తాలు దింపుకుంటే వాళ్లను తప్పుపట్టలేం. అన్నీ దాటి పిండి ఇంటికి చేరినా రొట్టె కాల్చుకోవడానికి పొయ్యిలోకి ఏదో ఒకటి ఉండాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ దారిలో పూజారులు డజను మంది.

అనుమతి ఉన్నా ప్రాణానికి హామీ లేదు. 2024 ఏప్రిల్ 1న గాజాలో వరల్డ్ సెంట్రల్ కిచెన్ అనే అన్నదాన సంస్థ వాహనాలు గుర్తులతో, ముందే సైన్యానికి చెప్పిన మార్గంలో వెళ్తుంటే ఇజ్రాయెల్ డ్రోన్లు కొట్టాయి. ఏడుగురు చనిపోయారు. తప్పు జరిగిందని సైన్యం తర్వాత ఒప్పుకుంది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో ప్రపంచమంతటా 383 మంది సహాయ కార్యకర్తలు హతమయ్యారు. అత్యధికులు ఆ దేశాలవాళ్లే, అక్కడే ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్లు. విదేశీయుడు చనిపోతే వార్త వస్తుంది, వీళ్ల పేర్లు మనదాకా రావు.

గేటు మూయకుండానే ఆకలితో చంపే పద్ధతి ఇంకొకటి ఉంది: తలలు తక్కువగా లెక్కపెట్టడం. 2009 ఆరంభంలో శ్రీలంక వన్ని ప్రాంతంలో చిక్కుకున్న పౌరులు 70 వేల మందేనని ప్రభుత్వం వాదించింది. ఆహారం పంపేది తలల లెక్క మీదే. యుద్ధం ముగిశాక శిబిరాల్లో తేలినవాళ్లు దాదాపు 2.8 లక్షలు. కాగితం మీద లేని మనిషికి బియ్యం ఉండదు, మందు ఉండదు. బాంబుల కన్నా నిశ్శబ్దంగా పనిచేసే ఈ ఆయుధం గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం.

సరుకు సాయుధుల చేతిలో పడుతుందన్న వాదనను కొట్టిపారేయలేం. 2019 జూన్‌లో యెమెన్ రాజధాని సనాలో ప్రపంచ ఆహార కార్యక్రమమే ఆ కారణంతో పంపిణీని కొంతమేర ఆపేసింది. కానీ దొంగతనానికి మందు గేటు మూయడమా? కొరత ముదిరేకొద్దీ పిండి బస్తా డబ్బుతో సమానమవుతుంది, దోచుకునేవాడికి లాభం పెరుగుతుంది. సరుకు సమృద్ధిగా వస్తే దాని కోసం తుపాకీ ఎత్తేవాడు తగ్గుతాడు. ముట్టడి వేసినవాళ్లకు ఇది తెలియదనుకోను.

సుడాన్‌లోనూ అంతే. చాద్ నుంచి డార్ఫుర్‌కు వెళ్లే ఆద్రే దారిని 2024 ఫిబ్రవరిలో సుడాన్ సైనిక ప్రభుత్వం మూసేసింది. తెరిచేసరికి ఆగస్టు. అప్పటికే డార్ఫుర్‌లోని జామ్‌జామ్ నిర్వాసితుల శిబిరంలో కరవు నిర్ధారణ అయింది. పైగా వానాకాలం, వాగులు పొంగి లారీలు ఆగిపోయాయి. తుపాకుల మోత లేని దారిలోనూ రాజకీయమే గేటు మూస్తుంది. అఫ్గానిస్థాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామని మనం 2021 అక్టోబరులోనే చెప్పాం. పాకిస్థాన్ మీదుగా ఎవరి లారీల్లో వెళ్లాలన్న పంచాయతీ తేలి, 2,500 టన్నులతో మొదటి 50 లారీలు అట్టారీ సరిహద్దు దాటింది 2022 ఫిబ్రవరి 22న. మధ్యలో కాబూల్ చలికాలం చాలావరకు గడిచిపోయింది.

మరి ఇక్కడినుంచి మనం చేయగలిగింది? పాత బట్టలు, బిస్కెట్ పెట్టెలు సేకరించి పంపాలనుకోవద్దు. వాటిని మోయడానికే డబ్బంతా పోతుంది. సుడాన్‌లో పేటల యువకులే ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్’ పేరుతో ఉమ్మడి వంటశాలలు నడుపుతున్నారు. చాలాచోట్ల డబ్బు వాళ్లకు ఫోన్ యాప్ ద్వారా అందుతుంది. అక్కడి బజార్లో దొరికేది కొని వండి పెడతారు. లారీ ఆగే గేట్ల దగ్గర ఆ డబ్బు ఆగదు. 2025 ఆరంభంలో అమెరికా నిధులు ఆపేసినప్పుడు అలాంటి వంటశాలలు వందల్లో మూతపడ్డాయి. ఇవ్వాలనుకున్నవాళ్లు, ఇలాంటివారికి డబ్బు చేర్చే నమ్మకమైన సంస్థలను వెతికి ఇవ్వండి.

పెద్ద పని ప్రభుత్వానిది. పౌరులను ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ పద్ధతిగా వాడకూడదని 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందాలు చెప్పాయి. 2018లో భద్రతా మండలి 2417వ తీర్మానంలో దాన్ని ఖండించింది. 2025 జూన్ 12న సర్వప్రతినిధి సభలో గాజాలో కాల్పుల విరమణ, బందీల విడుదల, సహాయానికి అడ్డులేని దారి కోరుతూ తీర్మానం వస్తే 149 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. చర్చల ద్వారానే పరిష్కారం రావాలన్నది మన ప్రతినిధి చెప్పిన కారణం. చర్చలు జరగాలి, కాదనను. అవి ముగిసేదాకా పసిబిడ్డ ఆకలి ఆగదు. ఎల్ అరీష్‌కు టన్నుల్లో సరుకు పంపిన చేత్తోనే, ఆ సరుకు లోపలికి వెళ్లే దారి అడిగే ఓటు వేయకపోవడం తప్పని నేను నమ్ముతున్నాను. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లం, ఆంధ్రలో, తెలంగాణలో ఓటున్నవాళ్లం మన ఎంపీలను అడగాల్సింది ఒకటే: దారి తెరవమని కోరే తీర్మానం మళ్లీ వచ్చినప్పుడు భారత్ ఓటు ఎటు?