ఎమ్మెస్సీయా, ఎంసీఏయా?

బీఎస్సీలో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్సు చదువుతున్న అమ్మాయి తరువాత గణితం ఎమ్మెస్సీలో చేరాలా, కంప్యూటర్ అప్లికేషన్స్ పీజీ అయిన ఎంసీఏలో చేరాలా అన్నది ఇక్కడి ప్రశ్న. మాట్లాడుకునేవారు ఇద్దరు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే విశ్రాంత గణితాధ్యాపకురాలు ఒకరు. విజయవాడ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, ఆ అమ్మాయి తండ్రి, ఇంకొకరు. నా మొగ్గు అక్కవైపే అయినా తమ్ముడి మాటల్లో కొట్టివేయలేనివి ఉన్నాయి.

తమ్ముడు: అక్కయ్యా, ఎంసీఏ 2020 నుంచి రెండేళ్లకు తగ్గింది. ఎంసీఏ ప్రవేశపరీక్ష ఐసెట్ రాస్తే ఇంటి నుంచి వెళ్లివచ్చేంత దూరంలోనే సీటు దొరుకుతుంది. గణితంలో ఎమ్మెస్సీ చేసిన మా వీధి పిల్లలు జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటున్నారు.

అక్క: ఆ రెండేళ్లలో చివరి సెమిస్టరు చాలావరకు ప్రాజెక్టుకే పోతుంది. మిగిలినవాటిలో చెప్పే ప్రోగ్రామింగు, డేటాబేసులు అమ్మాయి ఇప్పటికే కొంత చదివింది. ఆమెకు ఇంకా పట్టుబడనిది రుజువు. 2002లో ఐఐటీ కాన్పూరుకు చెందిన అగ్రవాల్, కయాల్, సక్సేనా ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో బహుపది కాలంలో, అంటే అంకెలు పెరిగినా లెక్కకు పట్టే సమయం విపరీతంగా పెరగకుండా, తేల్చే పద్ధతిని కనుగొన్నారంటే, అది గణితం చేసిన పనే.

తమ్ముడు: ఆ ముగ్గురూ కంప్యూటర్ సైన్సు విభాగంవారే, ఇద్దరు అప్పుడే బీటెక్ ముగించినవారు. ఇక ఎంటెక్ కోసం గేట్ రాయాలన్నా ఎంసీఏవారికీ అర్హత ఉంది. కంప్యూటర్ సైన్సు పేపరులో ఇంజనీరింగ్ గణితానికి నూటికి 13 మార్కులే.

అక్క: విభాగం విషయంలో నువ్వన్నది నిజం, ఆ ఉదాహరణ నేను తొందరపడి చెప్పాను. కాని వారి పద్ధతి ప్రధాన సంఖ్యల గురించిన ఫెర్మా చిన్న సిద్ధాంతాన్ని బహుపదులకు విస్తరించటంతో మొదలవుతుంది. ఆ మెట్టు ఎక్కలేనివారికి ఏ విభాగంలో కూర్చున్నా ఆ రుజువు అందదు. 13 మార్కులన్న లెక్కా సరైనదే. అయితే అల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్ వేరే శీర్షిక కింద ఉన్నంత మాత్రాన గణితం కాకుండా పోవు. గణితానుగమనం (ఇండక్షన్) మీద పట్టులేని విద్యార్థి వాటిని బట్టీపట్టవలసిందే.

తమ్ముడు: అమ్మాయికి రుజువులంటే భయం.

అక్క: ఇంటర్‌లో హాస్టల్ కాలేజీ వద్దని ఆనాడే చెప్పాను. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవటమే లెక్క చేయటమని నేర్పి పంపారు.

తమ్ముడు: మీ డిగ్రీ కాలేజీ మాత్రం ఏం చేసింది? పరీక్షకు వచ్చే సిద్ధాంతాలు గుర్తుపెట్టించి పంపలేదా?

అక్క: పంపాము. అందుకే ఏదో ఒక ఎమ్మెస్సీలో చేర్చమనటం లేదు, ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశపరీక్ష జామ్ రాయించమంటున్నాను. దానితో ఐఐటీలోనో ఎన్ఐటీలోనో సీటు వస్తే కంప్యూటింగ్ వైపు వెళ్లే తలుపు మూసుకుపోదు. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తన కంప్యూటర్ సైన్సు ఎంటెక్‌కు గణితం పీజీవారిని కూడా తీసుకుంటుంది. ఎంసీఏ చేసినవారు గణిత పరిశోధనకు మళ్లటం అంతకంటే చాలా కష్టం.

తమ్ముడు: ఎమ్మెస్సీ రెండేళ్లు, ఎంటెక్ రెండేళ్లు. నాలుగేళ్లు ఆగగల సంపాదన నాకు లేదు అక్కయ్యా. జామ్‌లో ర్యాంకు రాకపోతే?

అక్క: నాలుగేళ్ల బరువుకు నా దగ్గర జవాబు లేదు. జామ్ ముందు వస్తుంది, ఐసెట్ తరువాత వస్తుంది, రెండూ రాయనీ. ర్యాంకు రాకపోతే ఎంసీఏలోనే చేర్చు, నేను అడ్డు చెప్పను. ఆదివారాలు ఇక్కడికి పంపించు, రియల్ అనాలిసిస్‌తో మొదలుపెడతాను.

తమ్ముడు: శనివారం సాయంత్రమే పంపిస్తాను. రాత్రికి నీ దగ్గరే ఉంటుంది.