మహారాజశ్రీ న్యూయార్కు లాఫ్టు గారికి

పాత గోదాము ఇల్లుగా మారగా వెలసిన మహారాజశ్రీ లాఫ్టు గారి దివ్యసముఖమునకు, ఇళ్లు కొనేవాళ్ల వెంట వచ్చి గోడలూ కాగితాలూ తడిమి చూసేవాళ్లం నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమ సమాచారాలు ఆదివారం ఓపెన్ హౌస్‌లో, అంటే వచ్చినవాళ్లందరికీ ఇల్లు చూపించే పూట, బ్రోకరు గారు చెప్పనే చెప్పారు: 14 అడుగుల సీలింగు, పోత ఇనుప స్తంభాలు, సిమెంటు పూత లేని ఇటుక గోడ. మన ఊళ్లో గోడ అలా వదిలేస్తే మేస్త్రీకి డబ్బులు ఆపేస్తారు. తమరు దానికే అదనంగా పుచ్చుకుంటున్నారు. జోహార్లు!

మన్‌హాటన్‌లోని సోహో పేటలో తమరు గోదాములుగా, కార్ఖానాలుగా పుట్టారు. సరుకు వెళ్లిపోయాక చిత్రకారులూ శిల్పులూ దొంగచాటుగా కాపురం పెట్టారు. 1971లో నగరం జోనింగు, అంటే ఏ పేటలో ఏం ఉండొచ్చో చెప్పే నిబంధన, మార్చి, ధ్రువీకరణ ఉన్న కళాకారులైతే ఉండొచ్చు పొమ్మంది. ఇప్పుడు తమరిని చూడ్డానికొచ్చేవాళ్లలో ఎందరికి కుంచె పట్టుకోవడం వచ్చో తమరికే తెలుసు. కానీ చాలాచోట్ల సర్టిఫికేట్ ఆఫ్ ఆక్యుపెన్సీలో (భవనాన్ని దేనికి వాడుకోవచ్చో చెప్పే నగర పత్రం) ఆ కళాకారుడి షరతు ఇంకా అలాగే ఉంది. 2021 రీజోనింగులో దాన్ని వదిలించుకునే దారి పెట్టారు, చదరపు అడుగుకు 100 డాలర్లు కళల నిధికి కట్టి. 2,000 చదరపు అడుగుల ఇంటికి లెక్కేస్తే 2 లక్షల డాలర్లు! ఆ రుసుము మీద కోర్టులో వ్యాజ్యాలూ నడిచాయి. బ్రోకరు గారి రంగుల కరపత్రంలో ఈ ముక్కకు చోటు చాలదు కాబోలు. ఆ సర్టిఫికేట్ నగర భవనాల శాఖ వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. టూరుకు బయల్దేరే ముందే చూసుకుంటే చాలామందికి రైలు ఖర్చు మిగులుతుంది.

ఇక తమరి శరీర నిర్మాణం. పాత సోహో స్థలం 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు. కిటికీలు ముందూ వెనకా మాత్రమే. నడిమధ్యన పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. నగర నిబంధన ప్రకారం మామూలుగా పడకగది అనిపించుకోవాలంటే బయటికి తెరుచుకునే కిటికీ, కనీసం 80 చదరపు అడుగుల చోటు ఉండాలి. అందుకని నడిమి గదికి ‘హోమ్ ఆఫీస్’ అని నామకరణం చేస్తారు. అందులో డబుల్ కాట్ వేసి, దిండ్లు సర్ది మరీ చూపిస్తారు. ఏ ఆఫీసులో దిండ్లుంటాయండీ?

గది లోపలే పైన అటకలా కట్టిన మెజనైను సంగతి ఇంకా రుచికరం. దాని పైనా కిందా కనీసం 7 అడుగుల ఎత్తు ఉండాలి, వైశాల్యం కింది గదిలో మూడో వంతు దాటకూడదు. ఏడూ ఏడూ పద్నాలుగు. మరి మధ్యలో చెక్క దూలాల మందం ఎవరి ఖాతాలో పోయింది? అంటే 14 అడుగుల సీలింగు కింద చూపించే ‘రెండో బెడ్రూము’లో పొద్దున్నే లేచే ప్రతివాడూ ముందు నెత్తి తడుముకోవాలి. కో-ఆప్ (భవనం మొత్తం ఒక సంస్థది, ఉండేవాళ్లు అందులో వాటాదార్లు) ఫ్లాట్ల చదరపు అడుగులు తరచూ బ్రోకరు అంచనాయే కాబట్టి, ఈ అటక కూడా ఆ లెక్కలో కలిసిపోతుంటుంది. లేజర్ టేపు జేబులో పెట్టుకుని రావలసింది ఇందుకే.

తెలుగువాళ్లకు మాత్రం అసలు పరీక్ష వంటింట్లోనే. తమరికి వంటింటి గోడలే లేవు. పొయ్యి మీద హుడ్డు ఆన్ చేసి, గాలి ఎటు పోతోందో చెయ్యి అడ్డం పెట్టి చూడాలి. గొట్టం బయటికి లేకపోతే అది పొగను జల్లెడ పట్టి తిరిగి మన మొహానే కొడుతుంది. ఎండుమిర్చి పోపు పెట్టిన మరుక్షణం ఆ ఘాటు మెజనైను మీది పరుపుకి చేరుతుంది, ఆ వెంటనే స్మోక్ అలారం పాటందుకుంటుంది. బయటి గోడకు కొత్తగా డక్టు కొట్టిద్దామంటే కో-ఆప్ బోర్డు ఒప్పుకోవాలి, చారిత్రక ప్రాంతమైతే పాత కట్టడాలను కాపాడే ల్యాండ్‌మార్క్స్ కమిషన్ వాళ్లూ ఒప్పుకోవాలి. కిటికీ మార్చడానికీ అదే తిప్పలు.

నేల చూపించేటప్పుడు అద్దంలా మెరుస్తుంది. పాత దూలాల మధ్య శబ్దం ఆపే సరుకేమీ ఉండదు గనక, నేలలో 80 శాతం తివాచీ పరవాలని చాలా కో-ఆప్‌లలో నియమం. మురిసి కొన్న చెక్కలో మిగిలేది అయిదో వంతు.

బ్రూక్లిన్‌లో వంతెన పక్కనే ఉన్న తమరి డంబో శాఖ తెలివి ఇంకో మెట్టు పైన. మన్‌హాటన్ వంతెన మీద బి, డి, ఎన్, క్యూ అని నాలుగు రైళ్లు పోతాయి. ఓపెన్ హౌస్ ఆదివారం. బి రైలు శని, ఆదివారాలు నడవదు! సోమవారం పొద్దున ఎనిమిదింటికి కిటికీ తెరిచి, పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడి చూడాలి.

బ్రూక్లిన్‌లోనే ఉన్న గోవానస్ శాఖ పక్కన కాలువ ఉంది. 2010లో సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, అంటే విషపదార్థాలు శుభ్రం చేయాల్సిన చోట్ల కేంద్ర జాబితా, 2020లో పూడిక తీయడం మొదలైంది. అడుగున ఉన్న బురదను అక్కడివాళ్లు ‘బ్లాక్ మయొనీజ్’ అంటారు. పెద్ద వాన పడితే మురుగు పొంగి అందులోనే కలుస్తుంది. కరపత్రంలో దీని పేరు ‘వాటర్‌ఫ్రంట్’. జూలైలో, వాన వెలిసిన మర్నాడు వచ్చి గట్టిగా గాలి పీల్చాలి.

మెయింటెనెన్సు ఎంతని అడిగితే ఈ నెల అంకె చెబుతారు. 6 అంతస్తులు దాటిన భవనానికి అయిదేళ్లకోసారి ముఖభాగం తనిఖీ తప్పదు, పగులు కనిపిస్తే ఫుట్‌పాత్ మీద పందిరి వేస్తారు. 25,000 చదరపు అడుగులు దాటితే 2024 నుంచి కర్బన ఉద్గారాల పరిమితి, మించితే టన్నుకు 268 డాలర్ల జరిమానా. ఇవన్నీ చివరికి వాటాదార్ల నెత్తినే. అందుకని రెండేళ్ల బోర్డు మినిట్సు, రిజర్వు నిధి లెక్క, పాత బాయిలరు వయసు సువాసనల కొవ్వొత్తి పక్కనే పెట్టి ఉంచమని బ్రోకరు గారికి సెలవియ్యగలరు.

చిత్తగించవలెను.

తా.క.: లిఫ్టు తలుపే తమరి సింహద్వారం, తాళం తిప్పితే నేరుగా హాల్లోకి. బాగానే ఉంది. ఆ తాళం ఇంకా ఎవరెవరి దగ్గరుంది, లిఫ్టు చెడిపోయిన నాడు సోఫా ఏ మెట్ల మీదుగా వస్తుంది, పండగనాడు మామిడి తోరణం తలుపులో ఇరుక్కుంటే మరమ్మతు బిల్లు ఎవరికి పంపుతారు? వీటికి రాతపూర్వకంగా జవాబు కావాలి.