పాయింట్లకు బోనస్, పాఠానికి గంట లెక్క

యూనివర్సిటీలో బాగా పనిచేసే అధ్యాపకులకు ఎక్కువ జీతం, చేయనివారికి తక్కువ ఇవ్వాలంటున్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! ఒకటో తారీఖున జీతం ఎలాగూ పడుతుంది కదా అని క్లాసులు ఎగ్గొట్టే సార్లు లేరని మేమూ అనం. ‘బాగా’ అన్నదాన్ని ఎవరు కొలుస్తారు, దేనితో కొలుస్తారు అన్న దగ్గరే మా పేచీ.

2010లో యూజీసీ ప్రమోషన్లకు ఏపీఐ (అకడమిక్ పర్ఫార్మెన్స్ ఇండికేటర్) స్కోరు, అంటే చేసిన పనులకు పాయింట్ల లెక్క పెట్టింది. ఏమైంది? డబ్బు కడితే చాలు వ్యాసం అచ్చేసే జర్నళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018లో నిబంధనలు మార్చారు గానీ పాయింట్లు పోలేదు: సైన్సు పేపరుకు 8, భాషలకు, సోషల్ సైన్సెస్‌కు 10, పీహెచ్‌డీ ఇప్పిస్తే 10. ప్రమోషన్ ఫైలు ఎప్పుడైనా చూశారా? స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్సుల కట్ట, సంతకాలు, స్టాంపులు. బోధన విషయానికొస్తే, ఇచ్చిన క్లాసుల్లో 80 శాతం తీసుకుంటే ‘గుడ్’. ఆ క్లాసులో ఎవరికైనా ఏమైనా అర్థమైందా అన్నది మాత్రం అడగరు.

మన నెల్లూరు జిల్లా విడవలూరు వైపు రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వచ్చి రైతు తల పట్టుకుంటే, మెరైన్ బయాలజీ సారు రొయ్యల గుంట గట్టు మీదికి వెళ్లి నీళ్లు చూసి సలహా చెప్పారనుకోండి, పరిశోధన స్కోరు పట్టికలో దానికి గడి లేదు. ఉదయగిరి నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయిని సాయంత్రాలు కూర్చోబెట్టి ఇంగ్లీషులో సెమినార్ ఇచ్చేలా తయారుచేసిన మేడానికీ లేదు. రేపు జీతమే పాయింట్లకు ముడిపడితే ఈ పనులు ఎవరు చేస్తారు?

మన జిల్లాకు ఈ పద్ధతి కొత్తేం కాదు. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఇంక్రిమెంటు విద్యార్థుల ర్యాంకులను బట్టే, పైగా వేసవిలో అడ్మిషన్ల టార్గెట్లు. లెక్కల సారు మే నెల ఎండలో బ్రోచర్లు పట్టుకుని ఊళ్లు తిరుగుతారు. మంచి సెక్షన్ దొరికినాయనకు బోనస్, చివరి సెక్షన్ దొరికినాయనకు చీవాట్లు!

అసలు సంగతి వేరే ఉంది. 2008లో పుట్టిన విక్రమ సింహపురి అయినా, ఒంగోలు పీజీ సెంటర్ నుంచి ఎదిగిన ఆంధ్రకేసరి అయినా, కొత్త యూనివర్సిటీల్లో క్లాసుల బరువు చాలావరకు కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీ మీదే. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం మించకూడదని, వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రాస్ జీతానికి తగ్గకూడదని అదే 2018 నిబంధనల్లో ఉంది. పాయింట్ల పట్టిక కంఠతా వచ్చినవాళ్లకు ఆ పేజీ మాత్రం కనపడదు. 57,700 మూల వేతనంతో మొదలయ్యేవారికి బోనస్ ఎంతివ్వాలని చర్చ; పక్క గదిలో అదే సిలబస్ చెప్పే గెస్టుకు గంట లెక్క, సెలవులొస్తే అదీ లేదు.

కాబట్టి ముందు ఖాళీలు నింపండి, కాంట్రాక్టు వాళ్లకు నిబంధన ప్రకారం ఇవ్వండి. ఆ తర్వాత కూడా మూల వేతనం జోలికి పోకుండా, పైన ప్రోత్సాహకం మాత్రమే, అదీ డిపార్ట్‌మెంట్ మొత్తానికి. మార్కులు వేసే కమిటీలో చదువు ముగించి వెళ్లిన విద్యార్థులుండాలి (ఇంటర్నల్స్ భయం ఉన్నవాళ్లు నిజం చెప్పరు), ఎవరికెంత వచ్చిందో నోటీసు బోర్డులో పెట్టాలి. వీసీ ఛాంబర్‌లో తలుపులేసుకుని తేల్చే స్కోరుకైతే మేము ఒప్పుకోం.